వెతక్కుండానే తట్టాల్సిన పేరు

ఒక ప్రోగ్రామ్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంటాం, అంటే మనుషులు రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మారుస్తుంటాం. సగంలో ఆగిపోతుంది. ‘జెడ్‌లిబ్.హెచ్’ అనే ఫైలు దొరకలేదని కంపైలర్ చెబుతుంది. నిజానికి అది మనకు చాలా సాయం చేసినట్టే. ఏ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే సిద్ధ కోడ్) కావాలో పేరుతో సహా చెప్పేసింది. ఇక మిగిలింది ఆ హెడర్ ఫైలు, అంటే లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కు చెప్పే ఫైలు, ఉన్న ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడమే. ఫెడోరా అనే లినక్స్ డిస్ట్రోలో (లినక్స్‌నూ ప్రోగ్రాములనూ కలిపి పంచే సంకలనాన్ని డిస్ట్రో అంటారు) దాన్ని ‘జెడ్‌లిబ్-డెవెల్’ అని అడగొచ్చు. ముందు లైబ్రరీ పేరు, వెనక హెడర్ ఫైళ్ల ప్యాకేజీలన్నిటికీ వాళ్లు తగిలించే తోక. ఆ పద్ధతి ఒకసారి పట్టుబడితే చాలు, ఎక్కడా చూడకుండా చేతులే టైప్ చేసేస్తాయి. డెబియన్ అనే మరో డిస్ట్రోలో హెడర్లకు పెట్టే తోక ‘డెవ్’. కాబట్టి ‘జెడ్‌లిబ్-డెవ్’ అని కొడతాం. అలాంటి ప్యాకేజీ లేదంటుంది. అసలు పేరు ‘జెడ్‌లిబ్1జీ-డెవ్’.

ఆ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ జీ ఎవరు పెట్టారు? కంపైలర్ ఇచ్చిన ఎర్రర్‌లో ఆ రెండూ లేవు. లైబ్రరీ వెబ్‌సైట్‌లోనూ లేవు. డెబియన్ చరిత్ర తెలిసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ అవి తట్టే అవకాశం లేదు.

మా జట్టు చూసుకునే సర్వర్లలో కొన్ని డెబియన్ కుటుంబానివి, కొన్ని ఫెడోరా కుటుంబానివి. కొత్త యంత్రాన్ని సిద్ధం చేసే స్క్రిప్టు నా బాధ్యత. అందులో రెండు నిలువు వరుసల పట్టిక ఒకటి ఉంది. ఎడమ పక్క డెబియన్ పేరు, కుడి పక్క అదే వస్తువుకు ఫెడోరా పేరు. సీ++ కంపైలర్ ఇటు ‘జీ++’, అటు ‘జీసీసీ-సీ++’. ‘డిగ్’ కమాండ్ కావాలంటే ఇటు ‘బైండ్9-డీఎన్ఎస్‌యుటిల్స్’, అటు ‘బైండ్-యుటిల్స్’. ఆ పట్టికను పెంచుకుంటూ వచ్చిన ఏళ్లలో నాకొక అభిప్రాయం గట్టిపడింది. ప్యాకేజీ పేరు వెతికితే దొరకడం చాలదు. మనిషి చేతిలో అప్పటికే ఉన్న సమాచారంతో, వెతక్కుండానే తట్టాలి. ఒక డిస్ట్రో నామకరణ నియమాలు మంచివా కావా అని తేల్చడానికి ఇంతకన్నా సరైన పరీక్ష నాకు కనబడలేదు.

ముందు ఆ జీ సంగతి చూద్దాం.

1990ల్లో లినక్స్ ప్రోగ్రాములు లిబ్‌సీ5 అనే సీ లైబ్రరీ మీద నడిచేవి. ఆ తర్వాత అందరూ గ్నూ సీ లైబ్రరీకి, అంటే జీలిబ్‌సీకి మారారు. ప్యాకేజీగా దాని పేరు ‘లిబ్‌సీ6’. డెబియన్‌లో ఈ మార్పు 1998లో వచ్చిన 2.0 విడుదల, ‘హామ్’తో స్థిరపడింది. మారుతున్న కాలంలో ప్రతి లైబ్రరీకీ రెండు రూపాలు పక్కపక్కనే బతకాల్సి వచ్చింది. ఒకటి పాత సీ లైబ్రరీతో కట్టినది, రెండోది కొత్తదానితో కట్టినది. రెండిటికీ ఒకే పేరుంటే, కొత్తది వచ్చి పాతదాని చోట కూర్చుంటుంది. పాత ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. అందుకని కొత్త రూపం పేరు చివర జీ చేర్చారు. జీ అంటే జీలిబ్‌సీ. లిబ్‌సీ5 ఎప్పుడో కనుమరుగైంది. జీ మాత్రం ఈరోజుకీ ఉంది.

ఆ అక్షరం పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు చేసింది సరైన పని. వేల యంత్రాలు ఆగిపోకుండా ఒక పునాదిని కిందనుంచి మార్చగలిగారంటే అది పేర్ల విషయంలో చూపిన ఆ క్రమశిక్షణ వల్లే. డెబియన్ ఆ తర్వాత కూడా అదే ఉపాయాన్ని మళ్లీ మళ్లీ వాడింది. సీ++ కంపైలర్‌లో కొన్ని పెద్ద మార్పులు వచ్చినప్పుడు, దాంతో కట్టిన లైబ్రరీలు పాత ప్రోగ్రాములతో కలవడం మానేస్తాయి. అలా మారిన ప్రతిసారీ ఒక కొత్త తోక వచ్చింది. జీసీసీ అనే ఆ కంపైలర్ 3.2 కాలంలో ‘సీ102’, 4.0 కాలంలో ‘సీ2’, ‘సీ2ఏ’, 2015లో జీసీసీ 5 వచ్చినప్పుడు ‘వీ5’. ఒకప్పుడు ‘లిబ్‌సిగ్‌సీ++-2.0-0సీ2ఏ’గా ఉన్న ప్యాకేజీ తర్వాత ‘లిబ్‌సిగ్‌సీ++-2.0-0వీ5’ అయింది. పేరులోని ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది.

వీటన్నిటిలో తాజాది ‘టీ64’. 32-బిట్ సంఖ్యలో కాలాన్ని లెక్కపెట్టే యంత్రాలకు 2038 జనవరి 19తో లెక్క అయిపోతుంది. దాన్ని దాటాలంటే కాలాన్ని 64 బిట్లలో దాచుకోవాలి. అలా చేస్తే, కాలాన్ని ఇచ్చిపుచ్చుకునే ప్రతి లైబ్రరీ లోపలి అమరిక మారుతుంది. అందుకని 2024లో డెబియన్, ఉబుంటు కలిసి పెద్ద ఎత్తున లైబ్రరీల పేర్లు మార్చాయి. గుప్తీకరణకు వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీ ప్యాకేజీ ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3’ కాస్తా ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64’ అయింది. ఇప్పుడు మనలో ఎక్కువమంది వాడే 64-బిట్ యంత్రాల్లో కాలం ముందునుంచే 64 బిట్లలో ఉంది, అక్కడ మారిందేమీ లేదు. అయినా అక్కడా పేరు మారింది. ఒకే ప్యాకేజీకి ఒక్కో ప్రాసెసర్ మీద ఒక్కో పేరుంటే, దాని మీద ఆధారపడే ప్యాకేజీలన్నీ రెండేసి పేర్లు మోయాల్సి వస్తుంది.

నేను చేయదలచుకున్న విభజన ఇక్కడే ఉంది. ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64’ అనే పేరును ఏ మనిషీ టైప్ చేయడు. అది యంత్రం యంత్రానికి చెప్పుకునే పేరు. ఒక ప్రోగ్రామ్‌ను ప్యాకేజీగా కట్టినప్పుడు ఏ లైబ్రరీ ఏ రూపం కావాలో ఉపకరణాలే కనిపెట్టి రాసుకుంటాయి. ఆ పేరు ఎంత పొడుగున్నా, ఎంత వికారంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అది కచ్చితంగా ఉంటే చాలు. మనిషి టైప్ చేసే పేరు ‘లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్’. లోపల లైబ్రరీ 1.1 నుంచి 3కి, 3 నుంచి 3టీ64కి మారుతూ పోయినా ఈ పేరు కదల్లేదు. పాత స్క్రిప్టులు, పాఠాలు, ప్రాజెక్టుల సూచనల ఫైళ్లు అన్నీ అలాగే పనిచేశాయి. చరిత్రనంతా యంత్రం పేరు మోసింది, మనిషి పేరు తేలిగ్గా ఉండిపోయింది.

జెడ్‌లిబ్ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. యంత్రానికి అవసరమైన జీ మనిషి టైప్ చేసే పేరులోకి కూడా జొరబడింది. ‘లిబ్‌ఎన్‌కర్సెస్5-డెవ్’ కూడా చాలాకాలం ఇలాగే ఉండేది. ఎన్‌కర్సెస్ 6 వచ్చాక కూడా జనం ఐదంకె ఉన్న పేరునే టైప్ చేస్తూ ఆరో వెర్షన్ హెడర్లు తెచ్చుకున్నారు. తర్వాత దాన్ని ‘లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్’ చేశారు. చేయాల్సిన పని అదే.

కాబట్టి నేను కోరే మొదటి నియమం, రెండు రకాల పేర్లను వేరుగా చూడటం. ప్రోగ్రాములు, హెడర్లు, భాషల మాడ్యూళ్లు, ఫాంట్లు మనుషులు అడిగేవి. వాటి పేర్లలో వెర్షన్ అంకెలు, కంపైలర్ గుర్తులు ఉండకూడదు. రెండు వెర్షన్లు నిజంగా పక్కపక్కన బతకాల్సినప్పుడే మినహాయింపు.

ఆ మినహాయింపు కూడా ఎంత దూరం వెళుతుందో అపాచీ చూపిస్తుంది. ఒకప్పుడు డెబియన్‌లో ‘అపాచీ’ అంటే 1.3 వెర్షన్. కొత్త తరం వచ్చినప్పుడు రెండూ ఉండాలి గనక కొత్తదానికి ‘అపాచీ2’ అని పేరు పెట్టారు. పాతది వెళ్లిపోయింది, రెండంకె మిగిలిపోయింది. అదే సర్వర్ ఫెడోరాలో ‘హెచ్‌టీటీపీడీ’. అసలు ప్రాజెక్టు విడుదల చేసే సోర్స్ ఫైలు పేరు అది. ఆర్చ్ అనే ఇంకో డిస్ట్రోలో ఉత్త ‘అపాచీ’, జనం నోట్లో ఉన్న మాట. మూడిటికీ సమర్థన ఉంది. కానీ పేరు ప్యాకేజీ దగ్గరే ఆగదన్నది గమనించాలి. చాలాసార్లు ఆ పేరే సెట్టింగుల డైరెక్టరీ పేరవుతుంది, సర్వీసు పేరవుతుంది, లాగ్ ఫైళ్లుండే చోటు పేరవుతుంది. ఒక డిస్ట్రోలో నేర్చుకున్న మనిషి ఇంకో డిస్ట్రోలో అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు లాగ్ ఫైలు ఎక్కడుందో వెతుక్కుంటాడు. పేరు పెట్టే రోజున ఇది ఒక చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది. దాని మీద కట్టే దారులు డజన్ల కొద్దీ ఉంటాయి.

అక్షరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. డెబియన్ నియమం ప్రకారం ప్యాకేజీ పేరులో చిన్న అక్షరాలు, అంకెలు, ప్లస్, మైనస్, చుక్క మాత్రమే ఉండాలి. కనీసం రెండు అక్షరాలుండాలి, మొదటిది అక్షరమో అంకెనో కావాలి. ఫెడోరా పెద్ద అక్షరాలను కూడా ఒప్పుకుంటుంది. ఫలితంగా నెట్‌వర్క్ మేనేజర్ అనే ఒకే ప్రోగ్రామ్ ఫెడోరాలో ఎన్, ఎమ్ రెండూ పెద్ద అక్షరాలతో, గీత లేకుండా ఒకే మాటగా ఉంటుంది. డెబియన్‌లో అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో గీత. ఆర్చ్‌లో చిన్న అక్షరాలే, గీత లేదు. ఈ విషయంలో నేను పూర్తిగా డెబియన్ పక్షం. టెర్మినల్‌లో షిఫ్ట్ నొక్కాలా వద్దా అన్నది జ్ఞాపకం పెట్టుకోవాల్సిన విషయం కాకూడదు.

ఇక ప్రోగ్రామింగ్ భాషల మాడ్యూళ్లు. నామకరణంలో అసలు లోతంతా ఇక్కడుంది. ఒక డిస్ట్రోలో వేల ప్యాకేజీలు ఈ కోవలోకే వస్తాయి, ఎవరూ ఒక్కొక్కదానికి కూర్చుని పేరు ఆలోచించలేరు. నియమం ఒకటి ఉండి తీరాలి.

పైథాన్‌నే తీసుకుందాం. ప్రతి లైబ్రరీకీ రెండు పేర్లుంటాయి. పైథాన్ లైబ్రరీలను అందరూ పంచుకునే పైపీఐ అనే చోట ప్రాజెక్టు పేరు ఒకటి, కోడ్‌లో ఇంపోర్ట్ చేసే పేరు మరొకటి. చాలాసార్లు రెండూ ఒకటే, కొన్నిసార్లు వేరు. బొమ్మల లైబ్రరీ ప్రాజెక్టు పేరు పిల్లో, ఇంపోర్ట్ చేసే పేరు పీఐఎల్. బ్యూటిఫుల్‌సూప్4ను ఇంపోర్ట్ చేసేది బీఎస్4గా. పైయామల్‌ను ఇంపోర్ట్ చేసేది యామల్‌గా. డెబియన్ ఇంపోర్ట్ పేరు పట్టుకుంది, అందుకే అక్కడ ‘పైథాన్3-పీఐఎల్’, ‘పైథాన్3-బీఎస్4’, ‘పైథాన్3-యామల్’. ఫెడోరా ప్రాజెక్టు పేరు పట్టుకుంది, అక్కడ ‘పైథాన్3-పిల్లో’, ‘పైథాన్3-బ్యూటిఫుల్‌సూప్4’, ‘పైథాన్3-పైయామల్’.

ఏది మంచిది? నేను మొదట్లో ఫెడోరా పద్ధతే సహజం అనుకునేవాణ్ణి. ప్రాజెక్టుకు దాన్ని రాసినవాళ్లు పెట్టిన పేరు ఉండగా ఇంకోటి ఎందుకు అనిపించేది. తర్వాత నా పరీక్షను దీనికి కూడా పెట్టి చూశాను. ఆ క్షణంలో మనిషి చేతిలో ఏముంది? ‘యామల్ అనే మాడ్యూల్ లేదు’ అనే ఎర్రర్ ఉంది. అందులో ఉన్నది ఇంపోర్ట్ పేరు. దానికి ముందు ‘పైథాన్3-’ చేరిస్తే డెబియన్‌లో ప్యాకేజీ దొరికినట్టే. ఇంకో లాభం కూడా ఉంది. రెండు వేర్వేరు ప్రాజెక్టులు ఒకే ఇంపోర్ట్ పేరు వాడితే అవి ఒకే యంత్రంలో కలిసి ఉండలేవు, ఒకదాని ఫైళ్లు మరొకదాని మీద పడతాయి. ఇంపోర్ట్ పేరుతో ప్యాకేజీ పేరు పెడితే ఆ గొడవ పేరు దగ్గరే, ప్యాకేజీ కట్టేవాడి బల్ల మీదే బయటపడుతుంది. వాడేవాడి యంత్రం దాకా రాదు.

పెర్ల్ విషయంలో డెబియన్ నియమం చూడ్డానికి బాగోదు. ‘జేసన్::ఎక్స్‌ఎస్’ మాడ్యూల్ అక్కడ ‘లిబ్‌జేసన్-ఎక్స్‌ఎస్-పెర్ల్’ అవుతుంది. ముందు ‘లిబ్’, వెనక ‘పెర్ల్’, మధ్యలో అన్నీ చిన్న అక్షరాలు, జంట కోలన్‌ల బదులు గీత. ఫెడోరాలోని ‘పెర్ల్-జేసన్-ఎక్స్‌ఎస్’ దీనికన్నా చూడచక్కగా ఉంటుంది. అయినా ఇన్నేళ్లలో ఆ వికారమైన నియమం నన్ను మోసం చేసిన సందర్భం గుర్తు లేదు. మాడ్యూల్ పేరు తెలిస్తే ప్యాకేజీ పేరు కట్టుకోగలను. అందం లేని నియమం అందరికీ ఒకేలా వర్తించినంత కాలం నాకు సమ్మతమే. అందమైన పేర్లు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటేనే ఇబ్బంది.

ఫాంట్లలో డెబియన్ ఒక తప్పును చక్కగా దిద్దుకుంది. ఒకప్పుడు అక్కడ ఫాంట్ ప్యాకేజీల పేర్లు ‘టీటీఎఫ్-’, ‘ఓటీఎఫ్-’ అని ఫైలు రకంతో మొదలయ్యేవి. ఫాంట్ కావలసినవాడికి అది ట్రూటైపా ఓపెన్‌టైపా అన్నది ఎందుకు? ఇప్పుడు దాదాపు అన్నీ ‘ఫాంట్స్-’తో మొదలవుతాయి. లోహిత్ తెలుగు ఫాంట్ అక్కడ ‘ఫాంట్స్-లోహిత్-తెలు’. ఆ ‘తెలు’ సగంలో తెగిన మాటలా కనిపిస్తుంది గానీ, లిపుల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణంలో తెలుగు లిపికి ఇచ్చిన నాలుగక్షరాల సంకేతం అది. ఫెడోరాలో అదే ‘లోహిత్-తెలుగు-ఫాంట్స్’. దీన్ని మాత్రం ఫెడోరా గెలిచిందనే అంటాను. తెలుగు ఫాంట్ కావలసినవాడికి తట్టే మాట ‘తెలుగు’, లిపి సంకేతం కాదు.

పేర్ల విషయంలో నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటుంది. ఒకే పేరు రెండు వస్తువులకు రావడం.

‘నోడ్’ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్.జేఎస్ పుట్టకముందే డెబియన్‌లో ‘నోడ్’ అనే ప్యాకేజీ, అదే పేరుతో ఒక కమాండ్ ఉన్నాయి. అవి అమెచ్యూర్ రేడియోవాళ్లవి, రేడియో తరంగాల మీద డేటా పంపే నెట్‌వర్క్‌లో వాడేవి. రెండు వేర్వేరు ప్రోగ్రాములు ఒకే కమాండ్ పేరు పెట్టుకోకూడదని డెబియన్ నియమం. జావాస్క్రిప్ట్ లోకం మొత్తం ‘నోడ్’ అనే కమాండ్ ఉందనుకుని స్క్రిప్టులు రాసుకుంటూ పోయింది. 2012లో డెబియన్ సాంకేతిక కమిటీ తీర్పు చెప్పింది. రేడియో ప్యాకేజీ ‘ఏఎక్స్25-నోడ్’ కావాలి, జావాస్క్రిప్ట్ కమాండ్ ‘నోడ్‌జేఎస్’గా ఉండాలి, పాత పేరు కావలసినవాళ్లు ‘నోడ్‌జేఎస్-లెగసీ’ అనే వేరే ప్యాకేజీ వేసుకోవాలి. న్యాయంగా చూస్తే ఇందులో తప్పులేదు. కానీ ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి స్క్రిప్టూ ‘నోడ్’ అని పిలుస్తుంటే, డెబియన్ మీద మాత్రం అది పలకలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రోజే ఈ గోడకు తగిలారు. తర్వాతి సంవత్సరాల్లో ‘నోడ్’ అనే కమాండ్ జావాస్క్రిప్ట్‌కే దక్కింది.

గిట్‌ది కూడా ఇలాంటి దారే. ‘గిట్’ అంటే ముందు గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్. వెర్షన్ కంట్రోల్ గిట్ ‘గిట్-కోర్’గా ఉండాల్సి వచ్చింది. పాతది ‘గ్నూఇట్’గా పేరు మార్చుకున్నాక, ఆ పొట్టి పేరు కొత్తదానికి వచ్చింది. ‘క్రోమియం’ అంటే ఒక అంతరిక్ష యుద్ధాల ఆట. బ్రౌజర్ ‘క్రోమియం-బ్రౌజర్’గా మొదలై తర్వాతే అసలు పేరు పొందింది. ‘డాకర్’ అంటే డెస్క్‌టాప్ మూలన ఐకాన్లు పట్టి ఉంచే చిన్న ఉపకరణం, కంటైనర్ల డాకర్ ‘డాకర్.ఐఓ’. ఈరోజుకీ డెబియన్‌లో ‘బ్యాట్’ ప్యాకేజీ వేసుకుంటే కమాండ్ ‘బ్యాట్‌క్యాట్’గా వస్తుంది. ‘ఎఫ్‌డీ’ కావాలంటే ‘ఎఫ్‌డీ-ఫైండ్’ వేసుకుని ‘ఎఫ్‌డీఫైండ్’ అని టైప్ చేయాలి. ఆ పొట్టి పేర్లు అప్పటికే వేరే ప్రోగ్రాముల దగ్గర ఉన్నాయి.

ముందొచ్చినవాడిదే పేరు అనడం న్యాయమే. పదిమంది వాడే ప్రోగ్రామ్‌ను కోటిమంది వాడే ప్రోగ్రామ్ కోసం తోసేయడం నాకూ ఇష్టం లేదు. కానీ అసలు పొరపాటు ఘర్షణ వచ్చిన రోజున జరగలేదు, దానికి చాలా ముందే జరిగింది. ‘గిట్’ లాంటి రెండు మూడు అక్షరాల పేర్లు, ‘నోడ్’ లాంటి మామూలు నామవాచకాలు అందరి ఉమ్మడి సొత్తు. చిన్న వర్గం వాడే ప్రోగ్రామ్‌కు వాటిని మొదటి రోజే రాసిచ్చేయకూడదు. ఆ రేడియో ప్రోగ్రామ్‌కు మొదటి నుంచే ‘ఏఎక్స్25-నోడ్’ అని పేరుంటే ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. దాన్ని వాడేవాళ్లకు కూడా ఆ పేరే ఎక్కువ చెబుతుంది. కొత్త ప్యాకేజీని సమీక్షించేటప్పుడు ‘ఈ మాట ఇంకెవరికైనా కావలసి వస్తుందా’ అన్న ప్రశ్న లైసెన్స్ తనిఖీ అంత తప్పనిసరి కావాలి.

నా వాదన విన్నవాళ్లు సాధారణంగా రెండు అభ్యంతరాలు చెబుతారు.

మొదటిది, వెతుక్కోవచ్చు కదా అని. ఫైలు పేరు ఇస్తే ఏ ప్యాకేజీలో ఉందో చెప్పే ఉపకరణాలు ప్రతి డిస్ట్రోలో ఉన్నాయి. డెబియన్‌లో ఆప్ట్-ఫైల్, ఫెడోరాలో డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్‌కు పెద్ద ఎఫ్ ఆప్షన్. మంచి ఉపకరణాలే, రోజూ వాడతాను. కానీ స్క్రిప్టు వెతకదు. అందులో పేరు ముందే రాసి ఉండాలి. పుస్తకంలో అచ్చయిన సూచన వెతకదు. ఇంటర్నెట్ లేని చోట, లోపలి మిర్రర్ (ప్యాకేజీల నకళ్లు దాచిన చోటు) మాత్రమే ఉన్న సర్వర్ ముందు కూర్చున్నవాడికి కూడా వెతికే వీలు అన్నిసార్లూ ఉండదు. అంతకన్నా పెద్ద కారణం భద్రత. ఎవరైనా ఏదైనా ఎక్కించగల పైపీఐ, ఎన్‌పీఎమ్ లాంటి చోట్ల పేరును ఊహించి టైప్ చేయడం ప్రమాదం. ఒక అక్షరం తప్పిన పేరుతో హానికరమైన కోడ్ పెట్టి ఎదురుచూసేవాళ్లు అక్కడున్నారు. ఏఐ ఉపకరణాలు లేని ప్యాకేజీల పేర్లు ఉన్నట్టు చెప్పడం మొదలయ్యాక ఆ ప్రమాదం ఇంకా పెరిగింది. డిస్ట్రో రిపాజిటరీ, అంటే దాని ప్యాకేజీల గిడ్డంగి, ముందు కాపలా ఉంది. అక్కడ తప్పు పేరు కొడితే ‘లేదు’ అనే జవాబు వస్తుంది, అంతే. ఊహించి టైప్ చేయడం క్షేమంగా ఉండే చోటు అదొక్కటే. అలాంటి చోట పేరు ఊహకు అందకపోతే, జనం విసిగి కాపలా లేని చోటికి వెళతారు. నా పక్కన కూర్చున్నవాళ్లు అలా వెళ్లడం చూశాను.

భద్రతా హెచ్చరికల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో లోపం బయటపడిందని వార్త వస్తుంది. సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయినవాటి జాబితాలో ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్’ అనే మాట కోసమే చూస్తే, అసలు లైబ్రరీ అయిన ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64’ను దాటిపోతాం. డెబియన్ దీన్ని సోర్స్ ప్యాకేజీ పేరుతో సరిచూస్తుంది. ఒక సోర్స్ నుంచి ఎన్ని ముక్కలు వచ్చినా, భద్రతా రికార్డు సోర్స్ పేరు మీదే ఉంటుంది. స్కానర్లు రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోకపోతే ‘మీరు క్షేమం’ అని తప్పుగా చెప్పేస్తారు.

రెండో అభ్యంతరం మరీ ఉదారమైనది. అన్ని డిస్ట్రోలూ కూర్చుని ఒకే పేర్ల పట్టిక ఒప్పుకుంటే పోలా? నేనూ ఒకప్పుడు ఇదే కోరుకున్నాను. ఇప్పుడు కోరను. పేర్లు వేరుగా ఉండటానికి మొండితనం ఒక్కటే కారణం అనుకున్నాను, అది పొరపాటు. వస్తువును ముక్కలు చేసే తీరే వేరు. ఆర్చ్‌లో హెడర్లు వేరే ప్యాకేజీగా ఉండవు, లైబ్రరీతో పాటే వస్తాయి. అక్కడ ‘డెవ్’ అనే తోకకు అర్థమే లేదు. డెబియన్ ఒక్క జీలిబ్‌సీ సోర్స్ నుంచే ‘లిబ్‌సీ6’, ‘లిబ్‌సీ-బిన్’, ‘లిబ్‌సీ6-డెవ్’, ‘లొకేల్స్’ అని విడదీస్తుంది. జెంటూ అనే డిస్ట్రోలో ప్రతి పేరు ముందూ ఒక వర్గం ఉంటుంది. ముక్కలు వేరైనప్పుడు పేర్లు ఒకటే కావాలంటే ఏదో ఒక పేరు అబద్ధం చెప్పాలి. రెపాలజీ అనే వెబ్‌సైట్ వందల రిపాజిటరీల పేర్లను ఒకదానితో ఒకటి జతపరుస్తుంది. ఆ పని కోసం వాళ్లు చేత్తో రాసి నిలబెట్టుకుంటున్న నియమాల రాశి చూస్తే ఈ కోరిక ఎంత బరువైనదో అర్థమవుతుంది.

దీనికన్నా తెలివైన దారి ఆర్‌పీఎమ్ లోకంలో, అంటే ఫెడోరా, ఓపెన్‌సూసే లాంటి డిస్ట్రోలు వాడే ప్యాకేజీ పద్ధతిలో ఉంది. అక్కడ ప్యాకేజీ తన పేరుతో పాటు, తను ఏమేం ఇస్తుందో కూడా ప్రకటిస్తుంది. జెడ్‌లిబ్ హెడర్ల ప్యాకేజీ ‘పీకేజీకాన్ఫిగ్(జెడ్‌లిబ్)’ ఇస్తానంటుంది. పైథాన్ లైబ్రరీలు, పెర్ల్ మాడ్యూళ్లు కూడా ఇలాగే తమ సొంత లోకంలోని పేర్లు ప్రకటిస్తాయి. ఈ ప్రకటనలు చేత్తో రాసేవి కావు, ప్యాకేజీ కట్టేటప్పుడు ఉపకరణాలే ఫైళ్లు చూసి పుట్టిస్తాయి. అందుకే ఫెడోరాలోనూ ఓపెన్‌సూసేలోనూ అదే మాట పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేవాడు ప్యాకేజీ పేరు తెలుసుకోనవసరం లేదు, తనకు కావలసిందేమిటో చెబితే చాలు. ఇది ఎంత పనికొచ్చిందో 2024లో వచ్చిన ఫెడోరా 40తో తెలిసింది. ఆ విడుదలలో అసలు జెడ్‌లిబ్ స్థానంలోకి జెడ్‌లిబ్-ఎన్‌జీ వచ్చింది. లైబ్రరీ మారింది, ప్యాకేజీ పేరు మారింది. ‘పీకేజీకాన్ఫిగ్(జెడ్‌లిబ్)’ అని అడిగేవాళ్ల ఫైళ్లలో ఒక్క అక్షరం కూడా మారలేదు. నా పట్టికలో కుడి వరుసను ఆ ఏడాదే ఈ పద్ధతిలోకి మార్చుకున్నాను.

పేరు మార్చడమే అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. ఎందుకంటే ఒకసారి నేనే మార్చాల్సి వచ్చింది. మా జట్టు లోపల వాడుకునే ఒక ఉపకరణానికి, పాతది ఇంకా నడుస్తుండగా, పేరు చివర 2 చేర్చి కొత్త ప్యాకేజీ కట్టాను. పాతది వెళ్లిపోయింది. తర్వాత ఉపకరణం మూడో తరానికి వచ్చింది, ప్యాకేజీ పేరులో రెండు అలాగే ఉంది. కొత్తగా చేరినవాళ్లు ఇది పాత వెర్షనేమో అని అడిగేవారు. చివరికి అంకె తీసేసి పేరు మార్చాను. పాత పేరుతో ఖాళీ ప్యాకేజీ ఒకటి ఉంచి, అది కొత్తదాన్ని లాక్కొచ్చేలా చేశాను. అప్‌గ్రేడ్ సాఫీగానే జరిగింది. కానీ సెట్టింగుల డైరెక్టరీ పేరులోనూ ఆ రెండు ఉందన్న సంగతి నాకు పట్టలేదు. కొత్త ప్యాకేజీ కొత్త డైరెక్టరీలో తన మామూలు సెట్టింగులతో లేచింది. ఒక సర్వర్‌లో మా మార్పులన్నీ పాత డైరెక్టరీలో ఉండిపోయాయి. దాన్ని గుర్తించడానికి ఒక రోజు పట్టింది. రెండు పేర్లకూ కలిపి ఒక వలస దారి రాయడానికి ఇంకో వారం పట్టింది.

పేరు మీద డిస్ట్రోకు అధికారమే లేని సందర్భాలు కూడా ఉంటాయి. ట్రేడ్‌మార్క్ షరతుల వల్ల 2006లో డెబియన్ ఫైర్‌ఫాక్స్‌ను ‘ఐస్‌వీజిల్’ చేసింది. పదేళ్ల తర్వాత, 2016లో, ‘ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్’గా తిరిగి తెచ్చుకుంది. ఆ పదేళ్లూ ‘ఫైర్‌ఫాక్స్’ అని అడిగినవాళ్లకు వేరే పేరు, వేరే బొమ్మ కనిపించాయి. దాన్ని అస్థిరత అని నేను అనను, వాళ్ల చేతిలో లేని విషయం అది. తిరిగి తెచ్చేటప్పుడు ఏ విడుదల శ్రేణో పేరులోనే చెప్పడం నాకు నచ్చింది.

కాబట్టి జెడ్‌లిబ్ పేరును ఇప్పుడు మార్చేయాలని నేను అడగను. దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీలు, బయటి స్క్రిప్టులు లెక్కలేనన్ని. నేను అడిగేది ఇంతకన్నా చిన్నది. ఊహకు అందే పేరు కూడా పక్కన ఉండాలి, మారుపేరుగానైనా సరే. ఈ వ్యాసం మొదలుపెట్టాక డెబియన్‌లో ఆ ప్యాకేజీ వివరాలు మళ్లీ తెరిచి చూశాను. అది ‘లిబ్‌జెడ్-డెవ్’ అనే మారుపేరును కూడా ఇస్తోంది. ఆ లైబ్రరీ ఫైలు పేరు లిబ్‌జెడ్. ఇప్పటి డెబియన్ నియమం ప్రకారం దాని హెడర్ల ప్యాకేజీకి రావాల్సిన పేరు సరిగ్గా అదే. లింక్ చేసేటప్పుడు కంపైలర్‌కు మనం ఇచ్చేది కూడా ఆ జెడ్ అక్షరమే. ఇన్నేళ్లూ నేను ఆ ఒకటినీ జీనీ బట్టీపట్టి టైప్ చేస్తూ వచ్చాను. సరైన పేరు పక్కనే ఉందని నా పట్టికకు తెలియదు.

నిన్న ఎడమ వరుసలో ఆ గడి మార్చాను. కొత్త యంత్రం మీద స్క్రిప్టు నడిపితే, ‘లిబ్‌జెడ్-డెవ్’ బదులు ‘జెడ్‌లిబ్1జీ-డెవ్’ను ఎంచుకుంటున్నానని డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ ఒక్క లైను రాసి, దాని పని అది చేసుకుపోయింది.